ఆత్మరక్షణకు తుపాకీ: ఎంపిక, హోల్‌స్టర్, రోజూ వెంట ఉంచుకునే పద్ధతి

"ఏ తుపాకీ కొనాలి?" అని అడిగినంతమంది "దాన్ని ఒంటి మీద ఎలా ఉంచుకోవాలి?" అని అడగరు. చిక్కంతా రెండోదాంట్లోనే ఉంది. కొన్న కొత్తలో నడుముకు గుచ్చుకుంటోందనో, చొక్కా కింద ఎత్తుగా కనబడుతోందనో చాలామంది దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్తారు. ఇంకొందరు రోజంతా తీసి, సర్ది, మళ్లీ పెట్టుకుంటూ ఉంటారు. పొరపాటున పేలేది ఎక్కువగా అలా చెయ్యి పెట్టినప్పుడే. అందుకే కింద చెప్పే ఎంపికలన్నీ ఒక లెక్క మీద నడుస్తాయి: తుపాకీని చెయ్యి తాకే సందర్భాలు ఎంత తగ్గితే అంత మంచిది.

ఇది లైసెన్స్ ఉండి, తుపాకీ వెంట ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకునే చోట ఉన్నవాళ్ల కోసం రాసింది. కొన్ని పనులు శిక్షకుడి ఎదుటే మొదలుపెట్టాలి. అవి ఏవో ఎక్కడికక్కడ చెబుతాను.

1. కొనే ముందు తేల్చుకోవాల్సినవి

ఇంట్లో ఉంచుకునే అనుమతి వేరు, బయటికి తీసుకెళ్లే అనుమతి వేరు. చాలాచోట్ల ఈ రెండూ ఒకే కాగితం మీద రావు. అమ్మేవాడి మాట నమ్మి ఊరుకోకుండా, మీకు వర్తించే నిబంధనలు స్వయంగా చదవండి.

- బయట వెంట ఉంచుకోవచ్చా? బయటికి కనబడకుండా ఉండాలా, కనబడవచ్చా?
- ఏ చోట్లకు తీసుకెళ్లకూడదు? బడి, కోర్టు, విమానాశ్రయం, మద్యం అమ్మే చోటు గురించి విడివిడిగా చూడండి.
- ఏ సైజు తూటా, ఏ రకం తూటా, ఎన్ని తూటాల మ్యాగజైన్ (తూటాలు పేర్చి పిస్టల్ పిడిలోకి ఎక్కించే పెట్టె) అనుమతిస్తారు?
- పోలీసు ఆపితే తుపాకీ ఉందని మీ అంతట మీరే చెప్పాలా, అడిగితే చెప్పాలా?
- ఎలాంటి ప్రమాదంలో దాన్ని వాడడాన్ని చట్టం ఆత్మరక్షణగా ఒప్పుకుంటుంది?

ఈ చివరి ప్రశ్నకు జవాబు గట్టిగా తెలిసేదాకా కొనకండి. వస్తువు పోతుందని, ఎవరో తిట్టారని తుపాకీ తీసినవాళ్లు ముద్దాయిలవుతారు. మామూలుగా చట్టం చూసేది ప్రాణానికి అప్పటికప్పుడు ముప్పు ఉందా, తప్పించుకునే వేరే దారి ఉందా అన్నదే.

ఇక ఇంటి సంగతి. పిల్లలున్నారా? తాగుడు అలవాటున్నవాళ్లు ఉన్నారా? ఎవరైనా దిగులుతో, బతుకు మీద విసుగుతో ఉన్నారా? ఈ మూడో ప్రశ్నను జనం దాటేస్తారు. ఆ పరిస్థితి ఉంటే కొనడం వాయిదా వేయండి. ఇప్పటికే ఉంటే, చట్టం ఒప్పుకునే మార్గంలో ఇంటి బయట భద్రపరచండి.

2. నాలుగు నియమాలు

అమెరికాలో తుపాకీ శిక్షకుడు జెఫ్ కూపర్ కుదించి చెప్పిన నాలుగు నియమాలను ఇప్పటికీ శిక్షణ కేంద్రాల్లో మొదటి పాఠంగా నేర్పుతారు.

- ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి.
- కాల్చదలచుకోనిదాని వైపు గొట్టం తిప్పకూడదు.
- గురి లక్ష్యం మీద కుదిరి, కాల్చాలని నిర్ణయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు.
- లక్ష్యం ఏమిటో, దాని వెనక ఏముందో తెలిసి ఉండాలి.

ఒకటి తప్పినా మిగతావి కాపాడతాయి. రెండు ఒకేసారి తప్పినప్పుడే ఎవరో ఒకరు గాయపడతారు.

3. చేతికి సరిపోయేది ఎంచుకోవడం

కేటలాగులు చూసి, వీడియోలు చూసి ముందే ఒక మోడల్ మీద మనసు పడేసుకోకండి. అద్దెకు తుపాకీలు ఇచ్చే రేంజ్ (కాల్చడం సాధన చేసే చోటు) దొరికితే, కొనే ముందు వేర్వేరు రకాలు కాల్చి చూడండి. ఖాళీ తుపాకీ పట్టుకుంటే హాయిగా ఉండేది, కాల్చేటప్పుడు చేతిలో నిలవకపోవచ్చు.

పిస్టలా, రివాల్వరా? పిస్టల్‌లో తూటాలు ఎక్కువ పడతాయి, పలచగా ఉంటుంది, మళ్లీ నింపడం త్వరగా అవుతుంది. కానీ స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) లాగడానికి బలమూ పద్ధతీ కావాలి. ఎక్కడైనా ఇరుక్కుంటే సరిచేయడం రావాలి. రివాల్వర్ వాడకం తేలిక. తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే తర్వాతి తూటా వస్తుంది. అయితే చిన్న రివాల్వర్‌లో తూటాలు మామూలుగా ఐదారే. ట్రిగ్గర్ నొక్కడానికి నాలుగున్నర, ఐదు కిలోల బలం పట్టడం మామూలే. ఇప్పటి పిస్టళ్లలో చాలావాటికి అది రెండున్నర, మూడు కిలోల దగ్గర ఉంటుంది. "కొత్తవాళ్లకు చిన్న రివాల్వరే మంచిది" అన్న సలహా తరచూ వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. దాన్ని దాచుకోవడం తేలికే, దానితో గురిగా కొట్టడం మాత్రం చాలా కష్టం.

సైజు విషయంలో కూడా ఇదే పొరపాటు జరుగుతుంది. జేబులో పట్టేంత చిన్న తుపాకీ మెల్లగా తన్నుతుందని అనుకుంటారు. బరువు తక్కువైనకొద్దీ తన్ను ఎక్కువవుతుంది. పిడి చిన్నదైతే వేళ్లకు పట్టు దొరకదు. సుమారు 4 అంగుళాల గొట్టం ఉన్న మధ్యస్థ పిస్టల్ చాలామందికి మొదటి తుపాకీగా సరిపోతుంది. దాచడానికి వీలుగా ఉంటుంది, సాధన చేయడానికీ చెయ్యి నొప్పి పుట్టదు. పైగా చొక్కా కింద బయటపడేది గొట్టం పొడవు వల్ల కాదు, పిడి వల్ల. పొట్టి గొట్టం, పొడుగు పిడి ఉన్నది కొంటే రెండు విధాలా నష్టమే.

తూటా సైజుకు వస్తే, పిస్టల్‌కు 9 ఎంఎం, రివాల్వర్‌కు .38 స్పెషల్ దగ్గర మొదలుపెట్టండి, మీ చట్టం ఒప్పుకుంటే. ఇవి అదుపులో ఉంటాయి, సాధనకు తూటాలు సులభంగా దొరుకుతాయి. చేతుల్లో బలం తక్కువైతే .380 కాల్చే మధ్యస్థ పిస్టళ్లు చూడండి. కొన్నింటి స్లైడ్ తేలిగ్గా వస్తుంది. .22 తన్ను చాలా తక్కువ, నేర్చుకోవడానికి బాగుంటుంది. కానీ ఆ తూటాల్లో పేలకుండా మిగిలిపోయేవి ఎక్కువ కాబట్టి రక్షణకు అది చివరి ఎంపిక.

తుపాకీ ఖాళీ అని మీరూ అమ్మేవాడూ ఇద్దరూ చూసి రూఢి చేసుకున్నాక, గొట్టం సురక్షితమైన వైపు ఉంచి ఇవి పరీక్షించండి:

- ముంజేయి, గొట్టం ఒకే గీతలో ఉండగా చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌కు అందుతోందా?
- స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగి ఆపగలుగుతున్నారా? వరసగా పదిసార్లు లాగినా చెయ్యి అలసిపోకూడదు.
- పట్టు మార్చకుండా మ్యాగజైన్ విడిపించే మీట బొటనవేలికి అందుతోందా?
- సేఫ్టీ మీట ఉంటే, పట్టు వదలకుండా కిందికీ పైకీ జరుగుతోందా?
- గురి గుర్తులు మీ కళ్లకు స్పష్టంగా కనబడుతున్నాయా?

4. తూటాలు

సాధనకు మామూలు గుండ్రటి ముక్కు తూటాలు చాలు. రక్షణకు, చట్టం అనుమతించే చోట, ముక్కు బోలుగా ఉండి తగిలాక విచ్చుకునే తూటాలు వాడతారు. అవి లక్ష్యాన్ని దాటి వెనక ఉన్నవాళ్లకు తగిలే ప్రమాదం తక్కువ. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పరీక్షలో తూటా, ఒంటి కండకు బదులుగా వాడే జెలటిన్ దిమ్మెలోకి 12 నుంచి 18 అంగుళాలు దిగాలి. ఆ కొలతకు తగ్గవి, మించినవి వదిలేయండి.

డబ్బా మీద ఏం రాసి ఉన్నా, మీ తుపాకీలో అవి సాఫీగా నడుస్తాయో లేదో కాల్చి చూడాలి. మీరు వాడబోయే మ్యాగజైన్లతోనే వందో రెండొందలో కాల్చండి. మధ్యలో ఇరుక్కుంటే కారణం తేలేదాకా ఆ జోడీని వెంట పెట్టుకోవద్దు.

5. హోల్‌స్టర్, బెల్ట్

తుపాకీకి డబ్బంతా పోసి, చివర్లో ఏదో ఒక గుడ్డ సంచీ కొనడం అందరూ చేసే తప్పు. ముందు హోల్‌స్టర్‌కూ (తుపాకీని ఒంటి మీద ఉంచే ఒర) బెల్ట్‌కూ డబ్బు పక్కన పెట్టి, మిగిలినదాంతో తుపాకీ చూసుకోండి. మంచి హోల్‌స్టర్ దొరకని మోడల్ ఎంత బాగున్నా వదిలేయడమే నయం.

హోల్‌స్టర్ కొనేటప్పుడు చూడాల్సినవి:

- ట్రిగ్గర్ పూర్తిగా మూసుకుపోవాలి. బయటి నుంచి వేలితో గట్టిగా నొక్కినా ట్రిగ్గర్ కదలకూడదు.
- తుపాకీ తీశాక దాని నోరు ముడుచుకుపోకూడదు. మూసుకుపోతే రెండో చేత్తో తెరవాల్సి వస్తుంది. అప్పుడు గొట్టం ఆ చేతి మీదుగా పోతుంది.
- ఖాళీ తుపాకీ పెట్టి, మెత్తటి పరుపు మీద తలకిందులు చేసి ఊపినా జారిపడకూడదు.
- పూర్తి పట్టు హోల్‌స్టర్‌లో ఉండగానే దొరకాలి.
- మీ మోడల్‌కే అచ్చుపోసినదై ఉండాలి. "అన్నిటికీ సరిపోతుంది" అన్నది దేనికీ సరిపోదు.

అచ్చు ప్లాస్టిక్ హోల్‌స్టర్లు ఆకారం మారవు. తోలువి ఒంటికి హాయిగా ఉంటాయి. కానీ పాతబడి మెత్తబడిన తోలు మడత పడి ట్రిగ్గర్‌ను నొక్కిన ప్రమాదాలు ఉన్నాయి. నోటి దగ్గర మడత కనబడగానే మార్చేయండి.

బెల్ట్ ఒకటిన్నర అంగుళం వెడల్పుతో, తుపాకీ బరువుకు వంగకుండా బిర్రుగా ఉండాలి. చాలామంది "ఈ తుపాకీ బరువు, మోయలేకపోతున్నా" అనేది నిజానికి మెత్తటి బెల్ట్ గురించే. బెల్ట్ మార్చాక అదే తుపాకీ తేలికైనట్టు ఉంటుంది.

6. ఒంటి మీద ఎక్కడ

కుడిచేతి వాటం వాళ్ల లెక్కలో చెబుతాను. ఎడమచేతి వాళ్లు తిప్పి చదువుకోండి.

తుంటి వెనక, ప్యాంటు లోపల: ఎక్కువమందికి సరిపడేది ఇదే. కూర్చున్నా ఇబ్బంది తక్కువ. ముందుకు వంగితే మాత్రం పిడి చొక్కా మీద తేలుతుంది. నడుము వంచకుండా మోకాళ్లు వంచడం అలవాటు చేసుకోండి.

పొట్ట ముందు: త్వరగా అందుతుంది, బాగా దాగుతుంది. కానీ తిరిగి పెట్టేటప్పుడు గొట్టం తొడ వైపు చూస్తుంది. తొడలోని పెద్ద రక్తనాళం తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. శిక్షకుడి దగ్గర సాధన చేయకుండా ఇక్కడ పెట్టుకోవద్దు.

ప్యాంటు బయట: హాయిగా ఉంటుంది, కోటు లేకపోతే దాగదు.

జేబులో: ట్రిగ్గర్ మూసే జేబు హోల్‌స్టర్ తప్పనిసరి. ఆ జేబులో ఇంకేమీ వేయకండి. తాళాలు కూడా.

హ్యాండ్‌బ్యాగులో: నేను వద్దంటాను. బ్యాగు లాక్కునేవాడికి తుపాకీ కూడా వెళ్లిపోతుంది, పక్కన పెట్టిన బ్యాగులో పిల్లల చెయ్యి పడుతుంది. వేరే దారి లేకపోతే తుపాకీకి విడిగా తాళం వేసే అర, లోపల కుట్టిన హోల్‌స్టర్ ఉన్నది తీసుకుని, బ్యాగును ఒంటి మీద నుంచి దించకండి.

నడుము వెనక, సరిగ్గా వెన్నెముక మీద పెట్టుకోవద్దు. వెల్లకిలా పడితే వెన్నుకు దెబ్బ తగులుతుంది, వెనక నుంచి ఎవరు లాగినా తెలియదు.

7. మొదటి రెండు వారాలు: ఖాళీ తుపాకీతో

ఇంట్లోనే, తూటాలు లేకుండా, రోజూ వేసుకునే బట్టలతో పెట్టుకుని తిరగండి. కూర్చోండి, మెట్లెక్కండి, కింద పడినది తీయండి. ఎక్కడ రుద్దుకుంటోందో, ఎప్పుడు బయటపడుతోందో అప్పుడే తెలుస్తుంది. హోల్‌స్టర్ క్లిప్పులను కొద్దికొద్దిగా జరుపుతూ కోణం సరిచూసుకోండి. చొక్కా ఒక సైజు వదులుగా ఉంటే చాలు, గళ్ల చొక్కాలో ఎత్తు అంతగా తెలియదు.

అద్దంలో గంటలకొద్దీ చూసుకోవాల్సిన పనిలేదు. ఎదుటివాళ్లు మీ నడుము వైపు చూడరు, మీరు పదేపదే తడుముకుంటే తప్ప.

ఖాళీ చేసే వరస ఇది, మార్చకూడదు:

- గొట్టం సురక్షితమైన వైపు, వేలు ట్రిగ్గర్ బయట.
- ముందు మ్యాగజైన్ తీసేయాలి.
- తర్వాత స్లైడ్ లాగి చాంబర్‌లోని (గొట్టం వెనక, పేలబోయే తూటా కూర్చునే చోటు) తూటా బయటికి రప్పించాలి.
- స్లైడ్ వెనక్కి ఆపి, చాంబర్‌ను కంటితో చూడాలి, వేలితో తడమాలి.

స్లైడ్ ముందు లాగి, ఆ తర్వాత మ్యాగజైన్ తీస్తే ఇంకో తూటా చాంబర్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. "ఖాళీ తుపాకీ పేలింది" అని చెప్పుకునే ఎన్నో ప్రమాదాల వెనక ఉన్నది ఈ తిరగబడిన వరసే.

8. తీయడం, తిరిగి పెట్టడం

వీటిని తూటాలు లేకుండా, శిక్షకుడు చూస్తుండగా మొదలుపెట్టండి.

తీయడం: ఎడమ చేత్తో చొక్కాను ఛాతీ దాకా పైకి లాగాలి. కుడి చెయ్యి హోల్‌స్టర్‌లోనే పూర్తి పట్టు పట్టాలి. తుపాకీ నిటారుగా పైకి వచ్చాక గొట్టం ముందుకు తిరగాలి. రెండో చెయ్యి ఛాతీ దగ్గర కలవాలి. అక్కడి నుంచి రెండు చేతులూ ముందుకు. వేగం గురించి ఇప్పుడు ఆలోచించకండి. మెల్లగా చేసినప్పుడు తడబడే చోటే వేగంగా చేసినప్పుడూ తడబడతారు.

తిరిగి పెట్టడం అంతకన్నా ముఖ్యం. పందెం ఏమీ లేదు. వేలు నిటారుగా గొట్టానికి ఆనించి, చొక్కా అంచు పూర్తిగా పైకి లాగి, హోల్‌స్టర్ నోట్లోకి చూస్తూ మెల్లగా దించండి. ఏదైనా అడ్డు తగిలితే ఆగి బయటికి తీయాలి, నొక్కకూడదు. జాకెట్ అంచున వేలాడే తాడు బిళ్ల హోల్‌స్టర్‌లో దూరి ట్రిగ్గర్‌ను లాగిన ఘటనలు జరిగాయి. అలాంటి తాళ్లు కత్తిరించేయండి.

ఇంకా మేలైన పద్ధతి ఉంది: ఉదయం తుపాకీని హోల్‌స్టర్‌లో పెట్టాక, హోల్‌స్టర్‌తో సహా నడుముకు తగిలించుకోండి. రాత్రి కూడా అలాగే హోల్‌స్టర్‌తో సహా తీయండి. రోజంతా ట్రిగ్గర్ బయటపడదు.

9. ఇంట్లో డ్రై ఫైర్, రేంజ్‌లో తూటాలు

డ్రై ఫైర్ అంటే ఖాళీ తుపాకీతో ట్రిగ్గర్ సాధన. తూటాలన్నీ వేరే గదిలో పెట్టాలి. తూటా ఆపగల గోడ వైపే గురి పెట్టాలి. పది నిమిషాలు చాలు. గురి కదలకుండా ట్రిగ్గర్ నొక్కడం ఒక్కటే లక్ష్యం. .22 లాంటి రిమ్‌ఫైర్ (తూటా అడుగు అంచున దెబ్బ తగిలి పేలే రకం) తుపాకీలకు డ్రై ఫైర్ వల్ల చాంబర్ అంచు దెబ్బతినవచ్చు. వాటికి డమ్మీ తూటా (పేలని ఉత్తుత్తి తూటా) వాడండి. సాధన అయిపోయాక "అయిపోయింది" అని పైకి అనుకుని తుపాకీ లోపల పెట్టేయండి. తూటాలు నింపాక "ఇంకొక్కసారి" అనుకోవడం వల్లే గోడలకు రంధ్రాలు పడతాయి.

రేంజ్‌లో కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. తుపాకీ చప్పుడు 140 డెసిబెల్స్ దాటుతుంది, వినికిడి ఒక్కసారి పోతే తిరిగి రాదు. 3 మీటర్లతో మొదలుపెట్టి 5, 7 మీటర్లకు వెళ్లండి. పూర్తయ్యాక తినే ముందు చేతులు చల్లటి నీటితో, సబ్బుతో కడగండి, సీసం ధూళి అంటుకుని ఉంటుంది.

ఏడు మీటర్ల దూరం ఎందుకంటే, 1983లో అమెరికా పోలీసు అధికారి డెనిస్ ట్యులర్ ఒక లెక్క ప్రచురించారు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటేయగలడు. చొక్కా కింద నుంచి తుపాకీ తీయడానికి చాలామందికి అంత సమయమూ పడుతుంది. దీన్ని "21 అడుగుల లోపల ఎవరినైనా కాల్చవచ్చు" అని అర్థం చేసుకోకండి, అది చట్టం కాదు. పక్కకు జరగడం, అడ్డు చూసుకోవడం, ముందే వెళ్లిపోవడం నేర్చుకోవాలని దాని సారం.

10. తప్పులు, సరిచేసే పద్ధతి

గుండ్లు లక్ష్యానికి కిందికి, ఎడమకు పడుతున్నాయి: చప్పుడుకు ముందే చెయ్యి బిగుసుకుంటోంది. మ్యాగజైన్‌లో మధ్యమధ్య డమ్మీ తూటా కలపండి. అది వచ్చినప్పుడు గొట్టం కిందికి వంగితే కారణం దొరికినట్టే.

ట్రిగ్గర్ నొక్కితే పేలలేదు: రేంజ్‌లో అయితే గొట్టం లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలవచ్చు. ఆత్మరక్షణ సాధనలో మాత్రం పద్ధతి వేరు: మ్యాగజైన్ అడుగున అరచేత్తో కొట్టి, స్లైడ్ గట్టిగా లాగి వదలాలి.

చప్పుడు మందంగా వచ్చింది, తన్ను తెలియలేదు: వెంటనే ఆపేయండి. గుండు (తూటా ముందుభాగంలోంచి ఎగిరి వెళ్లే ముక్క) గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. ఇంకొకటి కాలిస్తే గొట్టం పగులుతుంది.

ఖాళీ గుల్ల తరచూ ఇరుక్కుంటోంది: మణికట్టు వదులుగా ఉందేమో చూడండి. తర్వాత మ్యాగజైన్ మార్చి చూడండి. తుపాకీని అనుమానించడం ఆ తర్వాతే.

తుపాకీ చేజారింది: పడనివ్వండి. ఇప్పటి మంచి తుపాకీలు పడితే పేలకుండా తయారవుతాయి. గాల్లో పట్టుకోబోతే వేలు నేరుగా ట్రిగ్గర్ మీద పడుతుంది.

చాంబర్‌లో తూటా ఉంచడానికి భయంగా ఉంది: భయం పోయేదాకా ఉంచకండి. హోల్‌స్టర్ సరైనదేనా అని మళ్లీ పరీక్షించండి, ఖాళీ చాంబర్‌తో ఇంకొన్ని వారాలు తిరగండి. అయితే అవసరం వచ్చినప్పుడు స్లైడ్ లాగడానికి రెండో చెయ్యి ఖాళీగా ఉండకపోవచ్చని తెలిసి ఉండాలి.

11. బయట ఒక రోజు

టాయిలెట్ దగ్గర చాలామంది దొరికిపోతారు. తుపాకీ తీసి ట్యాంకు మీద పెడతారు, మరిచిపోయి వచ్చేస్తారు. తీయకండి. ప్యాంటు మోకాళ్ల దగ్గర ఆపి, హోల్‌స్టర్ అందులోనే, పిడి లోపలి వైపు ఉండేలా పట్టుకోండి.

కారులో సీటు బెల్టు పెట్టుకున్నాక చొక్కా అంచు దాని పైకి లాగండి. తుపాకీ అనుమతించని చోటికి వెళ్లాల్సి వస్తే, చట్టం ఒప్పుకుంటే కారుకు బిగించిన తాళం పెట్టెలో పెట్టండి. సీటు కింద దాచడం దొంగకు ఇచ్చినట్టే. రోజూ అలాంటి చోటికి వెళ్లే పని ఉంటే, ఆ రోజుల్లో ఇంట్లోనే ఉంచడం మంచిది.

మందు తాగే రోజు తుపాకీ వద్దు. ఒక్క గ్లాసైనా సరే. గొడవ మొదలైతే తుపాకీ లేనివాడికన్నా ముందు మీరే వెనక్కి తగ్గాలి.

తుపాకీతో పాటు చిన్న టార్చ్, రక్తం ఆపే టూర్నికెట్, ఫోన్ ఉంచుకోండి. చట్టం ఒప్పుకునే చోట పెప్పర్ స్ప్రే కూడా. ప్రాణం మీదికి రాని బెడదలే ఎక్కువ కాబట్టి, టార్చ్ తుపాకీకన్నా ఎక్కువసార్లు పనికొస్తుంది.

పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీద కనబడేలా ఉంచి, "నా దగ్గర లైసెన్స్ ఉన్న ఆయుధం ఉంది, ఏం చేయమంటారు?" అని నెమ్మదిగా అడగండి. చూపించడానికి మీరే చెయ్యి వేయకండి. నిజంగా వాడాల్సి వచ్చినప్పుడు, ముప్పు తొలగగానే అత్యవసర నంబరుకు ఫోన్ చేసి పోలీసులనూ అంబులెన్స్‌నూ పిలవండి. పోలీసులు వచ్చేసరికి తుపాకీ చేతిలో ఉండకూడదు.

12. ఇంటికి వచ్చాక, నెలనెలా

ఒంటి మీద లేని తుపాకీ తాళంలో ఉండాలి. ఎత్తైన అల్మారా, దుప్పట్ల మడత తాళం కిందికి రావు, పిల్లలకు అవన్నీ తెలుసు. త్వరగా తెరుచుకునే చిన్న సేఫ్ మంచం పక్కన బిగించుకుంటే చాలు. దాని బ్యాటరీ తేదీ రాసి పెట్టుకోండి.

- ఒంటి చెమటకు తుప్పు పడుతుంది. వారానికోసారి ఖాళీ చేసి పొడిగుడ్డతో తుడిచి, పలచగా నూనె రాయండి.
- గొట్టంలో, మ్యాగజైన్‌లో దుమ్ము, నూలుపోగులు ఉన్నాయేమో చూడండి.
- హోల్‌స్టర్ స్క్రూలు, క్లిప్పులు వదులయ్యాయేమో బిగించండి.
- లైసెన్స్ గడువు చూసుకోండి.
- ఒకే తూటాను పదేపదే చాంబర్‌లోకి ఎక్కించి దించితే గుండు గుల్లలోకి నొక్కుకుపోతుంది. కాల్చినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి పొడవు పోల్చండి. కొద్దిగా పొట్టిగా కనబడినా దాన్ని కాల్చవద్దు, రేంజ్‌లో పాడైన తూటాలు వేసే డబ్బాలో వేసేయండి.